క్లీనరు సీట్లో పిల్లి

పశువైద్యశాలలో కొత్తగా ఉద్యోగం వచ్చిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. సూది ఎక్కడ పొడవాలి, గేదె తన్నకుండా ఎటు నిలబడాలి అని అడుగుతారు. మొదటిది డాక్టర్లు నేర్పుతారు. రెండోదానికి నా దగ్గర మంచి జవాబు లేదు. గేదె తన్నుకే నా కుడి మణికట్టు విరిగింది. అది సరిగ్గా అతకక, సర్వీసు ఇంకా ఉండగానే యాభై మూడో ఏట ఇంటికి వచ్చేశాను.

నేను చెప్పదలచుకున్నది వేరు. మా పనిలో సగం పైన అడగడమే. నోరులేని జీవి గురించి దాన్ని పెంచే మనిషిని అడగాలి. ఆ మనిషి ఒక్క అబద్ధం చెప్పకపోయినా మనకు తప్పు జవాబు రావచ్చు. ఇది నాకు ఒక పిల్లి దగ్గర తెలిసింది. ఊరి పేరు రాయడం లేదు. మనుషుల పేర్లు మార్చాను. పిల్లి పేరు మాత్రం మార్చడానికి మనసొప్పలేదు.

కాటా దగ్గర నేర్చుకున్నది

నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు బడిలో రాలేదు, మిరపకాయల కొట్లో కాటా దగ్గర కూర్చున్నాక వచ్చాయి. టిక్కీ అంటే మిరపకాయల మూట; దాని బరువులోంచి గోతం బరువు తీసేయాలి, తేమకు కొంత తీసేయాలి. కాటా చూపించే అంకె ఎప్పుడూ సరుకు బరువు కాదు. పశువుల ఆసుపత్రిలో పనికి చేరాక మందు సీసాల మీద రాసింది కూడబలుక్కుంటూ, కిలోకు ఇంత అన్నదాన్ని సిరంజి గీతల్లోకి మార్చుకోవడం సొంతంగా పట్టాను. ఎవరన్నా అంకె చెబితే చాలు, అది ఎక్కణ్ణించి వచ్చిందో చూడటం అలవాటైంది.

ఆ అలవాటును గట్టిపరచింది మాచర్ల వైపు పనిచేసినప్పటి పెద్ద డాక్టరుగారు. మాట కరకు, చెయ్యి మెత్తన. ఒక కాపరి గొర్రెలకు నట్టల మందు ఇచ్చి తాగించమన్నాం. నెల తిరక్కముందే మందలో మళ్ళీ అదే పారుడు. అన్నిటికీ తాగించావా అంటే, "అన్నిటికీ సామీ, ఒక్కటీ వదల్లేదు" అన్నాడు. డాక్టరుగారు మందలోకి నడిచి, మెడలో పసుపు గుడ్డ కట్టి ఉన్న రెండు పొట్టేళ్ళ దగ్గర ఆగారు.

"వీటికి?"

"అయ్యి అమ్మోరివి గదా సామీ. మనయ్యి గావు."

మొక్కిన పొట్టేలు అతని లెక్కలోకి రాదు. తిరిగి వస్తుంటే జీపులో డాక్టరుగారు నాతో అన్నారు. "వాడు అబద్ధం ఆడలేదురా. ముందు వాడి లెక్క ఏందో తెలుసుకో. ఆ తర్వాత నీ లెక్క కట్టు."

ఈ మాట చాలామందికి చెప్పాను. చెప్పినంత తేలిక కాదు పాటించడం.

జీతం అడగని క్లీనరు

కోటయ్యది మాచవరం దగ్గరి పల్లె. సొంత లారీ మీద సున్నం, నాపరాళ్ళు తోలిన డ్రైవరు. మోకాళ్ళు అరిగి, షుగరు వచ్చి, లారీ దిగేశాడు. తర్వాత ఎప్పుడన్నా కిరాయి తగిలిన రోజున బామ్మర్ది వాళ్ళ ట్రాలీ ఆటో తోలేవాడు. లారీ కేబిన్లో ఎలుకలు వైర్లు కొరుకుతున్నాయని ఒకప్పుడు ఒక పిల్లికూనను ఎక్కించాడట. అది ఎలుకల సంగతి ఎంతవరకు చూసిందో గాని, ఎడమవైపు సీటు మాత్రం వదల్లేదు. ఆ సీటు క్లీనరుది కాబట్టి పిల్లికి క్లీనరనే పేరు పడింది.

"జీతం అడగడు, బత్తా అడగడు, ఫోను చూడడు. ఇట్టాంటి క్లీనరు ఏ ఓనరుకు దొరుకుతాడు తమ్ముడూ" అనేవాడు కోటయ్య.

మొదటిసారి ప్లాస్టిక్ పళ్ళ ట్రేలో గోతం ముక్క పరిచి తెచ్చాడు. భార్య అంజమ్మ వెంట వచ్చింది. కాటా మీద పెడితే ఏడు కిలోల నాలుగు వందలు. ఆ ఎముకకు అయిదు కిలోలు దాటకూడదు.

"ఏంది, ఓవర్‌లోడా?" అన్నాడు కోటయ్య.

"రెండు కిలోల పైనే అన్నా."

"ఫైన్ ఎంతేస్తారు?"

"ఎయ్యాల్సింది వాడికి గాదు, నీకు" అంది అంజమ్మ. "నీ కంచంలో పెరుగన్నం సగం వాడికే గదా పోయేది."

గోడ ఎక్కడం మానేశాడని చెప్పారు. లారీ అమ్మేటప్పుడు ఎడమ సీటు ఊడదీయించుకొని వరండాలో వేసుకున్నారట. దాని మీదికి ఎక్కడానికి మూడు నాలుగుసార్లు తల ఎత్తి చూసి, చివరికి కిందే పడుకుంటున్నాడు. నీళ్ళు విపరీతంగా తాగుతున్నాడు. నడుము దగ్గర బొచ్చు నాకడం లేదు, చిక్కులు పడింది. కీళ్ళు నొప్పిగా ఉన్న పిల్లి ఒళ్ళు తిప్పలేక అక్కడ నాకదు. మీరు చూసేటప్పుడు కాళ్ళకంటే ముందు ఆ బొచ్చు చూడండి.

అప్పుడు మాకున్న డాక్టరమ్మ వయసులో చిన్నది, తక్కువ మాట్లాడేది. కీళ్ళు ఒక్కొక్కటీ వంచి చూసింది, రక్తపు చుక్క తీసింది. షుగరు నాలుగు వందలు దాటింది.

"ఇవి మూడు జబ్బులు కాదు కోటయ్యగారూ, ఒకటే ముడి" అంది. "బరువు కీళ్ళను నొక్కుతుంది. నొప్పికి కదలడు. కదలక ఇంకా లావవుతాడు. లావు వల్ల ఇన్సులిన్ సరిగా పట్టదు. ఒక కొస పట్టి గుంజితే ముడి బిగుస్తుంది. మెల్లగా వదులు చేయాలి."

"వాడు మళ్ళా సీటెక్కుతాడా మేడం?"

"ఎక్కించడానికే చూద్దాం."

కోటయ్యకు కావలసింది అదొక్కటే. తర్వాత ఎన్నిసార్లు వచ్చినా షుగరెంత అని అడిగేది అంజమ్మ. సీటు సంగతి అడిగేది ఆయన.

ఇంట్లో చేయమన్నవి

కుర్రవాళ్ళ కోసం ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

లావుగా ఉన్న పిల్లిని ఒక్కసారిగా పస్తు పెట్టకూడదు. కాలేయం చెడి అదే ప్రాణం తీస్తుంది. నెలకు మూడు వందల గ్రాములు తగ్గితే చాలన్నాం. పెరుగన్నం మాన్పించి, ఉప్పు లేకుండా ఉడికించిన కోడిమాంసం తూచి పెట్టమన్నాం. నున్నగా పాలిష్ పెట్టిన నాపరాళ్ళ మీద కాలు జారి కీళ్ళు ఇంకా నలుగుతాయి కాబట్టి నడిచే దారంతా గోతాలు పరిపించాం. సీటు ముందు రాతిపలకలు రెండు మెట్లుగా పేర్చుకోమన్నాం. పలకలకు వాళ్ళ ఊళ్ళో కరువు లేదు.

కోటయ్య మందుల్లో తన అనుభవమంతా పిల్లికి పెట్టబోయాడు.

"నా మోకాళ్ళకు మా ఊళ్ళో ఒకాయన నొప్పుల సూది వేస్తాడు మేడం. నెల రోజులు గుర్రంలా తిరుగుతా. వాడికీ ఒకటి వెయ్యరాదా?"

"ఆ సూదులు చాలావరకు షుగరును లేపుతాయి. మీకూ మంచిది కాదు."

"పోనీ నా నొప్పి గోళీ, పారాసెటమాలు, అర ముక్క?"

"అర ముక్క కాదు, పొడి కూడా వద్దు. పిల్లికి అది విషం."

"మనిషికి ఒకటి, పిల్లికి ఒకటా" అని గొణిగాడు గాని మాట విన్నాడు.

ఇన్సులిన్ ఒక యూనిట్‌తో మొదలుపెట్టాం. ఉదయం, సాయంత్రం, తిండి తిన్నాక. కోటయ్య కూడా అదే వేళకు వేసుకునేవాడు. ముందు క్లీనరుకు, తర్వాత తనకు. పిల్లి మెడ మీది చర్మం పైకెత్తి ఎంత నేర్పుగా పొడిచేవాడంటే, పిల్లి తినడం ఆపేది కాదు. చెవి అంచున చుక్క రక్తం తీసి ఇంట్లోనే షుగరు చూసుకోమంటే మాత్రం ఒప్పుకోలేదు.

"మెడ మీదయితే వాడికి తెలీదు. చెవికి పొడిస్తే తిరిగి నా మొహం చూస్తాడు. నా వల్ల కాదు మేడం."

మాట వినని అంకెలు

నెలకొకసారి ట్రాలీలో క్లీనరును పక్కన కూర్చోబెట్టుకొని వచ్చేవాడు. అదే రోజు టౌన్లో తన షుగరు కూడా చూపించుకునేవాడు. వచ్చిన ప్రతిసారీ పిల్లికి నాలుగు వందలు, నాలుగు వందల ముప్పై. పిల్లులకు ప్రయాణం బెదురుతో కూడా షుగరు లేస్తుంది. డాక్టరమ్మ అది తీసేసుకొని చూసినా ఎక్కువే. ఒక యూనిట్ ఒకటిన్నరైంది, తర్వాత రెండు, రెండున్నర, మూడు.

బరువు తగ్గలేదు, ఒక నెల వంద గ్రాములు పెరిగింది. తిండికి ఆవురావురుమంటున్నాడు, అరిచి అరిచి పెట్టించుకుంటున్నాడు అంది అంజమ్మ. పొద్దెక్కాక తూలుతున్నాడని కూడా చెప్పింది.

"తాగినోడల్లే నడుస్తాడమ్మా. ఓ గంటకు మళ్ళా బాగుంటాడు."

"మోకాళ్ళే. నాకూ అంతే గదా, పది పదకొండింటికి పట్టు తప్పుద్ది" అన్నాడు కోటయ్య.

డాక్టరమ్మ ప్రతిసారీ అడిగేది. "సూది రోజూ వేస్తున్నారా?"

"రోజూ, రెండు పూటలా. తప్పితే నా తల తీసి పక్కన పెట్టండి."

ఆయన నిజమే చెబుతున్నాడని నాకు నమ్మకం. సీసాలో మందు తరిగిన లెక్క కూడా చూశాను, సరిపోయింది. నెలకు ఒక్క సూది తేడా ఉంటే అది సీసాలో కనిపించదు.

ఒక రోజంతా ఇక్కడే ఉంచి, రెండేసి గంటలకు షుగరు చూస్తే గాని సంగతి తేలదని డాక్టరమ్మ చెప్పింది. అది శివరాత్రి ముందు. కోటప్పకొండకు ప్రభలు కట్టే రోజుల్లో ట్రాలీకి చేతినిండా కిరాయిలు.

"తిరునాళ్ళ అయిపోనీండి మేడం. ఆ మర్నాడే తెచ్చి మీ దగ్గర పడేస్తా. ఒక రోజు గాదు, రెండు రోజులుంచుకోండి" అన్నాడు.

తిరునాళ్ళ దాకా కూడా ఆగాల్సి రాలేదు.

పొద్దున వేసిన సూది

తిరునాళ్ళకు ఇంకా వారం ఉందనగా మధ్యాహ్నం వేళ ట్రాలీ వచ్చి ఆసుపత్రి మెట్ల ముందు ఆగింది. నడుపుతున్నది బామ్మర్ది. కోటయ్య ఎడమవైపు నుంచి దిగాడు, పిల్లి ఆయన తువ్వాలులో ఉంది. నాలుక బయటికి వచ్చి ఉంది. దారిలో రెండుసార్లు కాళ్ళు కొట్టుకొని బిగుసుకుందని వెంట వచ్చిన అంజమ్మ చెప్పింది.

షుగరు ఇరవై ఎనిమిది. మిషను పాడైందనుకొని వేరే పట్టీతో చూశాను. ఇరవై అయిదు.

డాక్టరమ్మ అప్పటికే నరం పట్టి గ్లూకోజు ఎక్కిస్తోంది. చెయ్యి ఆపకుండానే అడిగింది. "పొద్దున ఎంత వేశారు?"

"మీరు చెప్పినంతే. మూడు గీతలు. తిన్నాకే వేశా."

"ఇక్కడికి తెచ్చిన రోజుల్లో నాలుగు వందలుండేది కదా. అప్పుడు కూడా ఇంతే వేసి తెచ్చేవారా?"

"అప్పుడు వేయలేదుగా మేడం."

నేను గ్లూకోజు సీసా పట్టుకొని నిలబడి ఉన్నాను. డాక్టరమ్మ తల ఎత్తింది. "ఎందుకు వేయలేదు?"

ఇంత తెలియదా అన్నట్టు చూశాడు కోటయ్య. "బండెక్కే రోజు సూది ఎవరన్నా వేస్తారా? స్టీరింగు మీద కళ్ళు తిరిగితే ఏంది గతి? మా లైన్లో షుగరున్న డ్రైవర్లు చానామంది అంతే. మావాడు ఒకడు సూదేసుకొని బయల్దేరి లారీని కల్వర్టు కింద పడేశాడు. అప్పట్నించీ బండెక్కే రోజు నేను వేసుకోను, వాడికీ వేయను. వాడూ బండెక్కుతున్నాడుగా."

ఆయనకు సంగతి ఇంకా అర్థం కాలేదు. మాకు అర్థమైంది. సూది వేయని రోజున మేము షుగరు చూశాం. ఆ అంకె పట్టుకొని, సూది వేసే రోజులన్నిటికీ మోతాదు పెంచుకుంటూ పోయాం. పొద్దెక్కాక ఆ తూలడం ఒక్క మోకాళ్ళదే కాదు. ఆ ఆకలి తిండిపోతుతనం కాదు. ఒంట్లో చక్కెర అడుగంటి పిల్లి తిండి కోసం అరిచింది. పెట్టారు కాబట్టే ఇన్నాళ్ళు బతికింది, పెట్టారు కాబట్టే బరువు తగ్గలేదు.

డాక్టరమ్మ నన్ను మందుల గదిలోకి పిలిచింది. తలుపు దగ్గరగా వేసింది.

"బతకదు. మెదడు దెబ్బతింది" అంది. "ఎందుకిట్లా అయిందో ఆయనకు చెప్పాలంటారా?"

పిల్లి చావుకు కారణమైనవాడు బంగారంతో పిల్లిని చేయించి దానమిచ్చినా పాపం పోదని మా వైపు నమ్మకం. కోటయ్య అటువంటివి నమ్మే మనిషి. "వద్దు మేడం" అన్నాను. "పోయేది ఎట్లాగూ పోతుంది. వయసైంది, షుగరు ముదిరింది అందాం."

ఆమె సరేనంది. ఇద్దరం బయటికి వచ్చాం.

గ్లూకోజు ఎక్కాక క్లీనరు కాసేపు తల ఎత్తాడు. కళ్ళు తెరిచి ఉన్నాయి గాని చెయ్యి ఆడిస్తే రెప్ప కదల్లేదు. కోటయ్య వాసన తగిలి అటు జరగబోయాడు. కోటయ్య నేల మీద కూర్చొని ఒళ్ళోకి తీసుకున్నాడు. మోకాళ్ళు మడవలేని మనిషి అట్లా ఎంతసేపు కూర్చున్నాడో. ఆ ఒళ్ళోనే శ్వాస ఆగింది.

"చానా దూరం తిరిగాడు మేడం నాతో" అన్నాడు.

"వయసైపోయింది కోటయ్యగారూ" అంది డాక్టరమ్మ.

అంజమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూ ఏదో లెక్కేసుకుంటోంది.

"అమ్మా, ఆ నాలుగొందలు ఎప్పుడూ సూది వేయని రోజువేనా?"

డాక్టరమ్మ గ్లూకోజు గొట్టం చుట్టడం మొదలుపెట్టింది.

"ఈయన టౌన్లో రక్తమిచ్చేదీ ఆ రోజే గదా. ఈయనా సూది వేసుకోకుండానే వస్తాడు. అక్కడ చూసి ఈయనకీ పెంచుతానే ఉన్నారమ్మా. పది గీతలు ఉండేది, ఇప్పుడు ఇరవై నాలుగు. ఈయనా పొద్దెక్కితే తూలుతున్నాడు."

"ఏమే, నాది మోకాళ్ళు" అన్నాడు కోటయ్య.

"వాడిదీ మోకాళ్ళే అన్నావు గదయ్యా."

ఇక దాచడానికి లేదు. డాక్టరమ్మ ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. ఏ అంకె ఏ రోజుదో, దాన్ని చూసి మందు ఎట్లా పెరిగిందో మొదటి నుంచి చెప్పింది.

"అంటే వాణ్ణి నేనే" అని ఆగిపోయాడు కోటయ్య.

"రోజూ వేస్తున్నారా అని నేనడిగాను. మీరు నిజం చెప్పారు. ఇవాళ వేశారా అని ఒక్కసారి అడిగి ఉంటే తెలిసేది. అది మా పని, మీది కాదు."

"బంగారు పిల్లిని చేయించాలంటారు మేడం."

"బంగారం సంగతి తర్వాత" అంది అంజమ్మ. "రేపు బస్సెక్కి మీ డాక్టరు దగ్గరకు పద. సూది వేసుకొని, ఇంత తిని, నా పక్కన కూర్చొని పద. ఇంకొకర్ని ఇట్టా ఒళ్ళో పెట్టుకునే ఓపిక నాకు లేదు."

బామ్మర్ది ట్రాలీ వెనక తలుపు తీశాడు. కోటయ్య తల అడ్డంగా ఊపి, తువ్వాలు మూటతో ముందు ఎడమ సీట్లోనే ఎక్కాడు.

అడిగే తీరు

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను 'రోజూ' అనే మాటతో ఎవరినీ అడగలేదు. ఇవాళ పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇక్కడికి వచ్చేదాకా ఏం పెట్టావు, ఏం తాగించావు, ఏం మానేశావు అని అడిగేవాణ్ణి. ఆసుపత్రికి వచ్చే రోజు ఎవరికీ మామూలు రోజు కాదు. ఒకరు పశువు కడుపు ఖాళీగా తెస్తారు, ఒకరు దారిలో బెదురుతుందని పాలు పట్టి తెస్తారు. మనం చూసే అంకె ఆ రోజుది. మందు రాసిచ్చేది మిగతా రోజులకు. ఇంటి దగ్గర చూసుకోమంటే వాళ్ళు ఒప్పుకోకపోతే, ఎందుకు ఒప్పుకోవడం లేదో కూర్చొని వినండి. ఒప్పుకోరులే అని వదలకండి.

ఆ రోజు మందుల గదిలో నేనిచ్చిన సలహా సంగతి మాత్రం ఇప్పటికీ తెగలేదు. ఆయన గుండె మీద ఆ బరువు పెట్టకూడదనే అన్నాను. అంజమ్మ అడగకపోతే అది దయగానే మిగిలిపోయేది, ఆయన పోయేదాకా. అంత దూరం నేను లెక్క వేయలేదు.

తిరునాళ్ళ అయిపోయాక చాలా రోజులకు ట్రాలీ మళ్ళీ ఆసుపత్రి ముందు ఆగింది. బామ్మర్ది నడుపుతున్నాడు. కోటయ్య ఎడమవైపు నుంచి మెల్లగా దిగాడు. మనిషి కాస్త తగ్గాడు.

"ఇవాళ సూది వేసుకొనే వచ్చా తమ్ముడూ. రెండు ఇడ్లీలు తిన్నా. నువ్వు అడగకముందే చెబుతున్నా."

"ఎంతకు తగ్గించారన్నా?"

"పన్నెండుకి. తూలడం లేదు. నొప్పి మాత్రం ఉంది, అది మోకాళ్ళదే."

"స్టీరింగు?"

"ముట్టుకోవడంలా. క్లీనరు సీట్లో కూర్చుంటున్నా." మాట ఆపి ట్రాలీ వైపు చూశాడు. "ఆ సీటు కింద ఇంజను వెచ్చదనం తగులుద్ది తమ్ముడూ. మోకాళ్ళకు చానా హాయిగా ఉంటది. అన్నేళ్ళు పక్కన కూర్చోబెట్టుకున్నా గాని, వాడు అక్కణ్ణించి ఎందుకు లేచేవాడు కాదో నాకు ఇప్పటిదాకా తెలీలేదు."